వేసిన బ్రేకు, పడిన బ్రేకు

కార్లలో చేతిబ్రేకు కనుమరుగవుతోంది. డ్రైవరు సీటుకూ పక్కసీటుకూ నడుమ, పిడికిట పట్టుకొని పైకి లాగితే కరకరమంటూ పన్ను తరువాత పన్ను ఎక్కి నిలిచే ఇనుపకర్ర ఒకటి ఉండేది గదా, దాని చోట ఇప్పుడు బొటనవేలంత మీట వచ్చి కూర్చుంటోంది. మీట మీద ఒక వలయం, వలయంలో ఆంగ్లాక్షరం ‘పి’. చాలా బండ్లలో దాన్ని పైకి లాగితే బ్రేకు పడుతుంది. కాలిబ్రేకు తొక్కిపట్టి కిందికి నొక్కితే వదులుతుంది. అసలు మీట జోలికే పోకుండా ఇంజను ఆపేసి దిగిపోయినా, అనేక బండ్లలో అది దానంతట అదే పడుతుంది.

ఇందులో రాయవలసినదేముంది, అందునా భాషా సాహిత్యమూ అని చెప్పుకునే ఈ పేజీలో, అని మిత్రులు అడగవచ్చు. నా ఫిర్యాదు సగం యంత్రానికి సంబంధించినదీ, సగం వ్యాకరణానికి సంబంధించినదీ. రెంటినీ కలిపి ఆలోచించేటట్టు చేసింది మాత్రం కార్వాన్‌లోని ఒక సందు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. కంపెనీవారి పుస్తకాలలో దీన్ని ‘ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు’ అంటారు. ‘విద్యున్నియంత్రిత స్థగన సాధనం’ అని అనువదించి చేతులు దులుపుకోవచ్చు గాని, ఆ మాటను మెకానిక్కు ఎదుట ఉచ్చరించే ధైర్యం నాకు లేదు. పాతదానికి చేతిబ్రేకు అనీ, కొత్తదానికి మీటబ్రేకు అనీ ఈ టపా వరకు పిలుచుకుంటాను. ఇంతకన్న మంచి మాట తోచినవారు చెబితే సంతోషంగా మార్చుకుంటాను.

చేతిబ్రేకులో దాపరికమేమీ లేదు. కర్రకు ఉక్కుతీగ, ఆ తీగ రెండో కొసన వెనుకచక్రాల బ్రేకులు. మనం లాగిన బలమే, కర్ర పొడవు వల్ల కొంత పెరిగి, చక్రాన్ని పట్టుకుంటుంది. తీగ సాగితే కర్ర ఎక్కువ పళ్ళు ఎక్కుతుంది. ఆ తేడా చేతికే తెలుస్తుంది. మీటబ్రేకు దారి వేరు. మీట చేసేది ఒక కోరిక తెలపడమే. ఆ కోరిక చిన్న కంప్యూటరుకు చేరుతుంది. అది వెనుకచక్రాల దగ్గరున్న చిన్న విద్యుత్ మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. మోటారు పళ్ళచక్రాల ద్వారా ఒక మరను తిప్పుతుంది; మర ముందుకు జరిగి బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదిమిపెడుతుంది. కొన్ని బండ్లలో మోటారు పాత ఉక్కుతీగనే లాగుతుంది. మర ఒకసారి బిగిసిందంటే, కొలిమిలో ఇనుమును పట్టే వైసు మాదిరి, అట్లాగే ఉంటుంది. పట్టి ఉంచడానికి కరెంటు అక్కరలేదు. వదలడానికి మాత్రం కావాలి. ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన వింత కాదు. 2001లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. 7 సిరీస్, ఇటువంటి బ్రేకుతో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో ఒకటి. 2005 నాటి ఫోక్స్‌వాగన్ పసాట్‌తో అది మధ్యతరగతి కార్ల దాకా దిగింది. మనదేశంలో చాలాకాలం పెద్దబండ్ల వైభవంగానే ఉండి, 2020లో వచ్చిన రెండవ తరం హ్యుందాయ్ క్రెటా వంటి బండ్ల పైరకాలలోకి వచ్చేసరికి మన వీధి మలుపులో కనిపించడం మొదలుపెట్టింది. 1983లో వచ్చిన మారుతి 800తో కారు నేర్చుకున్న తరానికి చెయ్యి ఇప్పటికీ అలవాటుగా ఎడమవైపుకు వెళ్ళి, గాలిని పట్టుకొని తిరిగివస్తుంది.

దీని మంచిని దాచడం న్యాయం కాదు. చేతిబ్రేకును పూర్తిగా లాగడానికి చేతిలో సత్తువ ఉండాలి. ముసలివారు, కీళ్ళవాతం ఉన్నవారు సగం లాగి, చాలుననుకొని దిగిపోయేవారు. మీటకు అందరి వేళ్ళూ సమానమే. ఎత్తు ఎక్కేచోట బండి ఆగితే, ఒక కాలు బ్రేకు మీదా ఒక కాలు క్లచ్చి మీదా పెట్టి, చెయ్యి కర్ర మీద వేసి, వెనుక ఉన్న ఆటోకు బండి తగలకుండా దైవప్రార్థన చేసే విన్యాసం ఇక అక్కరలేదు. సీటుబెల్టు పెట్టుకొని యాక్సిలరేటరు తొక్కితే చాలా బండ్లలో బ్రేకు దానంతట అదే వదులుతుంది. వేడెక్కిన డిస్కు చల్లారినప్పుడు కాస్త కుదించుకుంటుంది. అప్పుడు పట్టు సడలడం చేతిబ్రేకులో పాత చిక్కు. వాలులో నిలిపిన బండి మనిషి వెళ్ళిపోయిన కొంతసేపటికి దొర్లడానికి ఇదీ ఒక కారణం. కొన్ని మీటబ్రేకులు కొద్ది నిమిషాల తరువాత తామే మళ్ళీ ఒకసారి బిగించుకుంటాయి. మనిషి మరిచిపోయేదాన్ని యంత్రం మరిచిపోకపోవడం చిన్న మేలు కాదు. వాలులో దొర్లే బండికి ఎదురుగా ఉండేది ఎప్పుడూ ఆడుకుంటున్న పిల్లలే.

ఇక కార్వాన్‌కు వద్దాం. ఉర్దూలో కార్వాన్ అంటే బిడారు. ఈ చోటి పాతపేరు కార్వాన్-ఎ-సాహు, అంటే షావుకార్ల బిడారు. గోలకొండ కోటనుంచి లంగర్‌హౌజు మీదుగా వచ్చే దారి, 1671లో కట్టిన టోలీ మసీదును దాటి, కార్వాన్ గుండా, 1578లో మూసీ మీద కట్టిన పురానాపూల్‌కు చేరుతుంది. వంతెన అవతల ఆ తరువాత పదమూడేళ్ళకు చార్మినారు లేచింది. కోటకూ నగరానికీ నడుమ ఉన్న ఈ దారి మీద కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకులూ షావుకార్లూ నివసించారు. ఏటికి ఉత్తరపు ఒడ్డున ఉన్నా నేటికీ జనం దీన్ని పాతబస్తీలోనే లెక్కవేస్తారు. పెద్దరోడ్డునుంచి విడివడిన సందులు కొన్ని ఏటివైపుకు వాలుగా దిగుతాయి. వాటి వెడల్పు ఎద్దుబండికీ మనిషికీ సరిపోయేది. ఇప్పుడు అదే వెడల్పులో తోపుడుబండి, ఆటో, నీళ్ళ ట్యాంకరు, స్కూలు వ్యాను, ఆషాఢంలో బోనాల ఊరేగింపు, పెళ్ళిబరాతు, పాడె, అన్నీ సాగాలి. సాగుతున్నాయి కూడా. ఎట్లా సాగుతున్నాయన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబులో ఒక భాగం, ఎక్కడా రాసిపెట్టి లేని ఒక ఒప్పందం. సందులో బండి అడ్డంగా నిలపక తప్పనివాడు గేరును న్యూట్రలులో ఉంచి, చేతిబ్రేకు దించి, తాళం వేసుకొని పోతాడు. చక్రం వెనుక ఒక రాయి పెడతాడు. వెనుకవచ్చేవాడు అద్దంలోంచి లోపలికి తొంగిచూస్తాడు. కర్ర కిందికి ఉందా, అయితే రాయి తీసి, ఇద్దరు పట్టి, నాలుగడుగులు నెట్టి, తన బండి దాటించుకొని, రాయి మళ్ళీ పెట్టి పోతాడు. యజమాని ఎవరో తెలియనక్కరలేదు. ఇది కార్వాన్ సొంతం కూడా కాదు. హైదరాబాదులో అపార్టుమెంటు సెల్లార్లలో, ఫంక్షన్ హాళ్ళ ముందు, ఒక కారు వెనుక ఒక కారు నిలిపే ప్రతిచోటా ఉన్నదే. ‘చేతిబ్రేకు వేయరాదు’ అని గోడమీద రాసిన సెల్లార్లు నేను చూశాను. బ్రేకు వేయకపోవడమే మర్యాదగా మారిన సమాజం మనది!

చట్టం దీన్ని ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను ప్రకారం, బహిరంగ స్థలంలో బండి నిలిచి ఉండాలంటే డ్రైవరు సీటులో లైసెన్సు ఉన్న మనిషి అయినా ఉండాలి, లేదా ఇంజను ఆపి, బ్రేకు వేసో, మరో ఏర్పాటు చేసో, డ్రైవరు లేని సమయంలో బండి ప్రమాదవశాత్తు కదలకుండా చూడాలి. చట్టం చెప్పినది సబబే. ఏటివైపు దిగే సందులో న్యూట్రలులో ఉన్న బండి ఒక రాయి మీద ఆధారపడి నిలవడం, రాయిని ఏ పిల్లవాడో క్రికెట్ వికెట్టుగా తీసుకుపోనంతవరకే సురక్షితం. కాబట్టి ఆ పాత ఒప్పందాన్ని నేను పొగడబోవడం లేదు. అయితే అదే చట్టంలో 122వ సెక్షను ఒకటి ఉంది. బహిరంగ స్థలాన్ని వాడుకునే ఇతరులకు ప్రమాదమో, అడ్డంకో, మితిమీరిన అసౌకర్యమో కలిగేటట్టు బండిని నిలిపి ఉంచరాదని దాని సారాంశం. ఒక సెక్షను కదలకూడదంటుంది, ఇంకొకటి అడ్డం కాకూడదంటుంది. చేతిబ్రేకు కాలంలో మన సందుజనం రెండోదాన్ని పాటించడానికి మొదటిదాన్ని ఉల్లంఘించారు. మీటబ్రేకు వచ్చాక మొదటిది కచ్చితంగా అమలవుతోంది. రెండోదాని ఊసు ఆ కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు. చెప్పడం సాధ్యమూ కాదు.

దీని ఫలితాన్ని నేను కళ్ళారా చూశాను. కార్వాన్‌లో మా మేనమామగారి ఇల్లు ఉన్న సందులో ఒక సాయంత్రం నిశ్చితార్థం జరుగుతోంది. నగరం రెండో కొసనుంచి వచ్చిన అతిథి ఒకాయన కొత్తకారును మలుపులో నిలిపి లోపలికి వెళ్ళారు. కాసేపటికి సందు లోపలినుంచి ఒక ఆటో వచ్చి దాని ముందు ఆగింది. ఆటోలో మూడో ఇంటి ఖాలా. ఆమెకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ పూట ఆసుపత్రికి బయలుదేరింది. ఆటో హారను కొట్టింది. నలుగురు కుర్రవాళ్ళు అలవాటు ప్రకారం వచ్చి అద్దంలోంచి చూశారు. కర్ర లేదు. అయినా నెట్టారు. బండి ఊగింది గాని కదలలేదు.

మలుపులో పంక్చరు దుకాణం పెట్టుకున్న ముసలాయన కూడా వచ్చి, అద్దానికి చేతులు అడ్డంపెట్టి లోపలికి చూసి, “గీ బండికి బ్రేకే లేదు గదరా, మరి ఎందుకు కదుల్తలేదు?” అన్నాడు.

“లోపల బటన్ ఉంటది తాతా,” అన్నాడొక కుర్రవాడు.

“గట్లయితే అద్దం సందుల కెళ్ళి తీగ పెట్టి వత్తు.”

“వత్తితే రాదు తాతా. తాళం ఉండాలె, బండి చాలూ చెయ్యాలె, కాలుతోని బ్రేకు తొక్కాలె. అప్పుడు వస్తది.”

ముసలాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, “అంటే గాయన వస్తేనే వస్తది,” అని తేల్చి చెప్పాడు. సమస్యను అంతకన్న క్లుప్తంగా ఏ ఇంజనీరూ చెప్పలేడు.

మా మామయ్య ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. ఖాలాను అందులో కూచోబెట్టి ఇద్దరు మోసుకుంటూ కారు పక్కన మిగిలిన మూరెడు సందులోంచి దాటించి, పెద్దరోడ్డు మీద వేరే ఆటో ఎక్కించారు. ఆమె వెళ్ళిన కాసేపటికి కారు యజమాని వచ్చారు. మంచి మనిషి. సంగతి విని ముఖం చిన్నబుచ్చుకొని, రెండు చేతులూ జోడించి అన్నమాట ఇది: “క్షమించండి. నేను బ్రేకు వెయ్యలేదండీ. దానంతట అదే పడింది.”

ఆ వాక్యమే నాచేత ఈ టపా రాయిస్తున్నది. ఆయన అబద్ధమాడలేదు. ఆయన నిజంగానే బ్రేకు వేయలేదు. ఇంజను ఆపారు, దిగారు, తలుపు వేశారు. మిగిలినది బండి చేసుకుంది. అయినా ఆ మాట వినగానే చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమనాలో తోచలేదు. పాతరోజుల్లో అయితే “బ్రేకు వేసి పోతారా సార్, గల్లీల?” అని అడిగి ఉండేవారు. వేసినవాడు ఉంటే గదా అడగడానికి!

తెలుగులో సకర్మక క్రియకు పక్కనే ఒక అకర్మక క్రియ సిద్ధంగా ఉంటుంది. తాళం వేశాను, తాళం పడింది. గ్లాసు పగలగొట్టాను, గ్లాసు పగిలింది. కూర మాడ్చాను, కూర మాడింది. మొదటి వాక్యంలో మనిషి ఉన్నాడు. రెండో వాక్యంలో మాయమయ్యాడు. ఇంట్లో ఏ పిల్లవాడైనా గ్లాసు పగిలిందనే అంటాడు గాని పగలగొట్టాననడు. పెద్దవాళ్ళం నవ్వుకొని, ‘ఎవరు పగలగొట్టారు?’ అని అడుగుతాం. ఆ ప్రశ్నతో పిల్లవాణ్ణి మళ్ళీ వాక్యంలోకి తెస్తాం. పెంపకమంటే కొంతవరకు ఈ వ్యాకరణం నేర్పడమే. చేతిబ్రేకు సకర్మకం. దాన్ని వేసినా, దించినా, చెయ్యి ఒకటి ఆ పని చేసింది; ఆ చేతికి ఎందుకు చేశానో తెలుసు. సందు చివర బండి ఆపి, కర్ర పట్టుకున్న ఆ ఒక్క క్షణంలో, వేయనా మాననా అని ఆలోచించక తప్పేది కాదు. వాలు ఎంత, వెనుక ఎవరున్నారు, ఎంతసేపు నిలుపుతాను అనే మూడు ప్రశ్నలు ఆ క్షణంలోనే పుట్టేవి. మీటబ్రేకు అకర్మకం. ఆ క్షణాన్నే అది తీసివేసింది.

‘పడింది’లో మనిషి లేడన్నమాట కూడా పూర్తిగా నిజం కాదు. ఇంజను ఆగగానే బ్రేకు పడాలని ఎక్కడో ఒక బల్ల చుట్టూ కూర్చున్న ఇంజనీర్లు నిర్ణయించారు. మంచి నిర్ణయమే, దొర్లే బండ్లను తలచుకొనే చేసి ఉంటారు. కాని ఆ బల్ల దగ్గర కార్వాన్ సందు లేదు. వారి మనసులో ఉన్న కారుకు గీత గీసిన పార్కింగు చోటు ఉంది. అటువంటి చోట నిలిచిన బండిని ఎవరూ నెట్టవలసిన అవసరం రాదు. మన సందులో అవసరం వస్తుంది. కాబట్టి ఆ నిర్ణయాన్ని మన చోటికి తెచ్చుకున్నప్పుడు, అందులో లేని మిగతా సగాన్ని మనమే పూరించుకోవాలి.

ఆటోమేటిక్ గేర్లు వచ్చిననాడే ఈ ఒప్పందం చచ్చిపోయింది గదా, వాటిలో ‘పి’లో పెడితే బండి ఎట్లాగూ కదలదు గదా అని ఒక మిత్రుడు వాదించాడు. కొంత నిజం. కాని ఆ బండ్లలో కూడా గేరుకర్రను ‘పి’లోకి తోసేది మనిషే. ఆ చెయ్యికి తాను తోసినట్టు తెలుసు. పైగా ఆటోమేటిక్ బండి తెచ్చినవాడు దాన్ని నెట్టడం కుదరదని తెలిసి, కాస్త దూరంగా నిలిపేవాడు. చేతిగేరు బండిలో కూడా మీటబ్రేకు వచ్చాక, గేరు న్యూట్రలులో పెట్టి, తన వంతు మర్యాద తాను పాటించానని మనస్ఫూర్తిగా నమ్మి వెళ్ళిపోయే డ్రైవరు తయారయ్యాడు. తన కింద బండి ఏం చేసిందో అతనికి తెలియదు.

ఇంకొక వాదన: యంత్రం మేలుచేస్తుంటే మనిషి చెయ్యి ఎందుకు, అది ఛాందసం కాదా? దీనికి నా జవాబు దూరదేశంనుంచి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో కొండలూరు. మన తెలుగువాళ్ళు చాలామందికి ఆ వీధులు పరిచయమే. అక్కడ 3 శాతానికి మించిన వాలులో బండి నిలిపితే ముందుచక్రాలను కాలిబాట గట్టువైపు తిప్పి ఉంచాలని నగర నియమం. ఎగువకు నిలిపితే ఒకవైపు, దిగువకు నిలిపితే మరొకవైపు. బ్రేకు ఎంత గొప్పదైనా సరే, తప్పదు. సారం ఏమిటంటే, బ్రేకు వేయడంతో నీ పని అయిపోలేదు, ఈ వీధి వాలు చూసి నువ్వు ఇంకొక పని చెయ్యి అని. యంత్రాన్ని తిట్టకుండానే మనిషిని వాక్యంలో నిలిపి ఉంచిన నియమం అది. మనకు కావలసినదీ అదే. మీట తీసేసి కర్ర పెట్టమని నేను అడగడం లేదు. పడిన బ్రేకుకు పక్కన, మనం వేసే పని ఒకటి ఉండాలంటున్నాను.

మన సందుల్లో ఆ పని ఏమిటి? చేతిబ్రేకు, రాయి ఉన్నకాలంలో, నిలిచిన బండి మీద కొంత హక్కు వీధికి ఉండేది. ఎవరైనా కదపగలిగేవారు. మీటబ్రేకు ఆ హక్కును పూర్తిగా తాళంచెవి ఉన్నవాడి చేతికి ఇచ్చింది. హక్కు అంతా ఒకరి దగ్గరికి చేరినప్పుడు బాధ్యత కూడా అంతా అక్కడికే చేరాలి గదా. అంటే, నా బండిని ఇతరులు కదపలేరు కాబట్టి, నేను దొరకాలి. ముందు అద్దం లోపల, బయటికి కనిపించేటట్టు, ఫోను నంబరు పెద్ద అంకెలతో రాసిపెట్టడం అతి చిన్న పని. ఆ ఫోను మోగితే ఎత్తడం రెండోది. నంబరు బయటపెట్టడం ఇష్టం లేనివారు, ముఖ్యంగా స్త్రీలు, తాము వచ్చిన ఇంటిపేరు రాసి పెట్టవచ్చు, లేదా ఎదురుగా ఉన్న దుకాణంలో “ఫలానా ఇంటికి వచ్చాను, అవసరమైతే పిలవండి” అని ఒక్కమాట చెప్పి పోవచ్చు. ఇవేవీ కుదరకపోతే బండిని పెద్దరోడ్డు మీదనే వదిలి నడిచి రావడం. రెండువందల గజాల నడక ఎవరినీ చంపలేదు. అడ్డంగా నిలిచిన బండి మాత్రం ఆ పని చేయగలదు.

ఇప్పుడు, ముందు గుర్తుంచుకొమ్మన్న వాక్యం. పట్టడానికి అక్కరలేని కరెంటు, వదలడానికి కావాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే మీట ఎంత నొక్కినా బ్రేకు వదలదు. మరో బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చి ప్రాణం పోయాలి. ముందుచక్రాలు ఎత్తి వెనుకచక్రాల మీద ఈడ్చుకుపోయే పద్ధతి పనికిరాదు, ఎందుకంటే బిగిసినవి ఆ వెనుకచక్రాలే. మొత్తం బండిని ఎత్తిపెట్టుకునే వాహనం రావాలి. అది కార్వాన్ సందులోకి రాదు. అందుచేత సందులో ఇల్లున్న మిత్రులు మీటబ్రేకు బండి కొంటే, బ్యాటరీ వయసు మీద ఒక కన్ను వేసి ఉంచడమూ, జంపరు కేబుళ్ళు డిక్కీలో ఉంచడమూ పొరుగువారికి చేసే సేవ అనుకోవాలి. ఇంకొకటి: వెనుక బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు మోటారును ముందుగా సర్వీసు స్థితిలోకి వెనక్కి తిప్పించాలి. చాలా బండ్లలో అందుకు ప్రత్యేక పరికరం కావాలి. అది లేకుండా పిస్టనును బలవంతాన వెనక్కి నెట్టితే మర దెబ్బతింటుంది. రోడ్డుపక్క షెడ్డులో మన నమ్మకస్థుడైన మెకానిక్కు ఎంత పనిమంతుడైనా, ముందు ఈ సంగతి అడిగి బండి అప్పజెప్పండి.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. పక్కసీటులో కూర్చున్న ఇల్లాలికో, వెనుక కూర్చున్న పెద్దకొడుకుకో కారు నడపడం రాకపోయినా, ఆపదలో లాగవలసిన కర్ర ఏదో తెలిసేది. డ్రైవరుకు కళ్ళు తిరిగినా, గుండెనొప్పి వచ్చినా, చెయ్యి చాచి లాగగలిగేవారు. మీట ఇంట్లో ఎంతమందికి తెలుసు? పరుగెత్తే బండిలో మీటను ఒక్కసారి తట్టి వదిలితే సాధారణంగా ఏమీ జరగదు. చాలా బండ్లలో దాన్ని లాగి, వదలకుండా పట్టుకుంటే, కంప్యూటరు చక్రాలు బిగిసిపోకుండా అదుపుచేస్తూ బండిని ఆపుతుంది; చేతిబ్రేకును హఠాత్తుగా లాగితే వెనుకచక్రాలు జారిపోయే ప్రమాదంకన్న ఇది మేలు. చెయ్యి తీస్తే ఆ బ్రేకూ ఆగిపోతుంది. అన్ని బండ్లూ ఒక్కతీరుగా ఉండవు కాబట్టి మీ బండి పుస్తకంలో ఏముందో చదవండి. చదివి ఇంట్లో వాళ్ళకు తెలుగులో చెప్పండి. ఆ పుస్తకం ఎక్కువగా ఆంగ్లంలోనే ఉంటుంది, చేతిసంచీలో మడిచిపెట్టి ఉంటుంది, బండి అమ్మేనాడు కొత్తదిగానే బయటికి వస్తుంది. ఇంజను ఆగగానే బ్రేకు పడడం ఇష్టం లేనప్పుడు తప్పించే మార్గం ఉందా లేదా అన్నది కూడా అందులోనే ఉంటుంది. కార్లు అమ్మే కంపెనీలు, ప్రకటనలు తెలుగులో చేయగలిగినప్పుడు, ఈ నాలుగు పేజీలైనా తెలుగులో ఇవ్వవచ్చు. సంగీతం ఎన్ని స్పీకర్లలో వస్తుందో చెప్పే అమ్మకపు కుర్రవాడు, మీట మీద ఇంటిల్లిపాదికీ ఐదు నిమిషాలు పాఠం చెప్పి తాళాలు ఇస్తే ఇంకా మంచిది.

సాంకేతికత మీద విసుక్కునే టపాలు మన పేజీల్లో కొదవలేదు. ఇది వాటిలో చేరకూడదని నా కోరిక. మీటబ్రేకు మంచి యంత్రం. నా అభ్యంతరమంతా దాని క్రియారూపం మీద. యంత్రం మన పనిని తీసుకున్నప్పుడల్లా మన వాక్యాలు ‘చేశాను’ నుంచి ‘అయింది’కి జారిపోతాయి. ఉత్తరం ‘పోయింది’, డబ్బు ‘కట్ అయింది’, బ్రేకు ‘పడింది’. చాలాచోట్ల ఆ జారుడువల్ల నష్టం లేదు. పొరుగువాడి దారి ఉన్నచోట మాత్రం ఉంది. ఆ రోజు ఆ పెద్దమనిషిని ఎవరూ నిందించలేదు. ఆయన కూడా వెంటనే బండి తీసి, పెద్దరోడ్డు మీద నిలిపి, మళ్ళీ నడిచి లోపలికి వచ్చారు. “ఇప్పుడు పెట్టొచ్చినానండీ అక్కడ,” అని పంక్చరు దుకాణం ముసలాయనకు చెప్పి మరీ వెళ్ళారు. ఆ వాక్యంలో కర్త ఉన్నాడు. నేను కోరుకునేది అంతే.

మీ ఊళ్ళో, మీ వీధిలో ఈ ఒప్పందం ఏ రూపంలో ఉండేదో, ఇప్పుడు ఏమైందో రాయండి. మీటబ్రేకుకు మంచి తెలుగుమాట సంగతి కూడా మరిచిపోకండి.